ఆరు గుండీలు పెట్టుకునేంత సేపు

మా నాన్న పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవడానికి ముప్పావుగంట పడుతుంది. ఎనిమిదింటికి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటాడు, తొమ్మిదికి పావుగంట ఉందనగా లేస్తాడు. ఆ ముప్పావుగంటా ఎదురుగా స్టూలు మీద మా చెల్లి కూర్చుంటుంది, చేతిలో టీ గ్లాసు పెట్టుకుని. సాయం చెయ్యదు. చెయ్యి కూడా చాపదు. ఊరికే కూర్చుంటుంది. ఆ స్టూలు మీద నేను కూర్చోవాలని రెండు నెలలు కడుపు మండించుకున్నాను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో స్టూలు కోసం ఏడవడమేంటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. మీ నాన్నకి తొంభై ఒకటి వచ్చినప్పుడు, ఆయన ఎదురుగా మీరు కాక ఇంకొకరు కూర్చుంటే, అప్పుడొచ్చి నాతో మాట్లాడండి.

మా నాన్నది కాటాలు బాగుచేసే పని. కొట్లల్లో సరుకు తూచే త్రాసులు, గోదాముల్లో బస్తాలు తూచే పెద్ద కాటాలు, బంగారం పనివాళ్ళ దగ్గరుండే వేలెడంత త్రాసు, అన్నీ ఆయన చేతిలోంచి వెళ్ళినవే. వీధిలో అందరికీ ఆయన కాటా మేస్త్రి. ఆ పనిలో ఆయనకి ఒకటే పట్టింపు. పళ్ళెంలో రాయి పెట్టాక ముల్లు నిలబడేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఊపిరి గట్టిగా వదిలినా అది కదులుతుందనేవాడు. చిన్నప్పుడు రాత్రిపూట ఇంట్లో ఆయన బల్ల మీద త్రాసు వేలాడదీస్తే మేము ఎక్కడివాళ్ళం అక్కడే బొమ్మల్లా నిలబడేవాళ్ళం. మా అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయేది. కొట్టువాళ్ళు ఎవరైనా త్వరగా కానివ్వమంటే, “నీ తొందర ముల్లుకి తెలీదు కదయ్యా” అనేవాడు. కోపంగా కాదు, దానికి వినపడదన్నట్టు.

ఆయన కడుపున పుట్టి నేను నేర్చుకున్నది మాత్రం తొందరే. మూడో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యాక చొక్కాలు కుట్టే కొట్లో చేరాను. నలభై ఏళ్ళు కాజాలు కుట్టాను. గుండీ దూరే చిల్లుంది చూడండి, అదే కాజా. చిల్లు ఎవరైనా కోస్తారు. దాని చుట్టూ ఒక్క పోగు కూడా లేవకుండా దారం అల్లడమే పని. రోజుకి వంద అల్లేదాన్ని. కొట్లో మగవాళ్ళు ముగ్గురు కలిసి చేసింది నేనొక్కదాన్నే చేసేదాన్నని మా యజమాని నలుగురిలో చెప్పేవాడు. నడుస్తూ తినేదాన్ని, తింటూ తిట్టేదాన్ని. పుట్టింటికి వెళితే రెండు రోజులు, మహా అయితే మూడు. వెళ్ళిన పూటే వాళ్ళ బట్టల బీరువా సర్ది, అటక దులిపి, చినిగినవన్నీ కుట్టిపెట్టి, బస్సెక్కేసేదాన్ని. వాళ్ళకి ఎంత చేశానో అని మురిసిపోతూ వచ్చేదాన్ని.

ఈసారి మా అబ్బాయీ కోడలూ ఇంట్లో నేల మొత్తం తవ్వి కొత్త బండలు వేయిస్తున్నారు. “దుమ్ము నీకు పడదమ్మా, రెండు నెలలు ఎక్కడైనా ఉండు” అన్నాడు మా వాడు. ఎక్కడైనా అంటే ఎక్కడుంటాను? అమ్మా నాన్నా ఉండగా. వాళ్ళకి నా అవసరం ఉంది, చూసుకోవడానికి వెళుతున్నానని వీధంతా చెప్పి బయలుదేరాను.

కింద సైకిళ్ళ కొట్టు, పైన మా వాళ్ళ మూడు అద్దె గదులు. మా చెల్లి అక్కడే ఉంటుంది. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. ఇంట్లో నేను పెద్దదాన్ని, అది చిన్నది, మా పేర్లు ఎవరికీ గుర్తులేవు. దానిది బస్సు డిపోలో టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగం, రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. పెళ్ళి చేసుకోలేదు. దాన్ని ఎవరూ అడగలేదని నేను అంటుంటాను. అడిగారు, ఇద్దరు ముగ్గురు మంచివాళ్ళే అడిగారు, అదే వద్దంది. నా నోటితో ఆ మాట చెప్పడం నాకిష్టం లేదు. దాని డ్యూటీ మధ్యాహ్నం నుంచి. అంచేత పొద్దుటి నాన్న దాని వాటాకి వచ్చాడు.

వెళ్ళిన మర్నాడే సంగతి తేల్చేద్దామనుకున్నాను. నాన్న చొక్కా తొడుక్కుని ఇలా కూర్చున్నాడో లేదో, వెళ్ళి ముందు నిలబడి ఆరు గుండీలూ పెట్టేశాను. ఆయన రెప్ప వేసి తీసేలోపల పని అయిపోయింది. ఆయన వంగి చొక్కా వైపు చూసుకున్నాడు, తన కొట్టు ఎవరో మూసేసి తాళం వేసినట్టు.

స్టూలు మీంచి మా చెల్లి నవ్వింది. “అక్కా, ఎనిమిదింటికే ముగించేస్తే తొమ్మిది దాకా ఆయన ఏం చెయ్యాలి?”

“కాసేపు పడుకుంటాడు.”

“ఇప్పుడే లేచాడు కదా.”

వంటింట్లోంచి మా అమ్మ గొంతు. “దాన్ననకే. అది పుట్టడం కూడా నెల ముందే పుట్టింది. మంత్రసాని చెయ్యి కడుక్కునే దాకా కూడా ఆగలేదు.”

నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే పై గుండీ విప్పాడు. తర్వాత రెండోది. అన్నీ విప్పుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నేను గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాను. ఆ రోజు గిన్నెలు బాగా మోగాయి.

తర్వాత రోజూ వంటింట్లోంచి ఓ చెవి అటు వేసి ఉంచాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవాలని. ఏదైనా రహస్యం ఉంటే నిలదీద్దామని కూడా. వినండి వాళ్ళ మాటలు.

“ఎదురింటాయన కొత్త గొడుగు కొన్నాడే.”

“పాతదే నాన్నా. పిడి మార్పించాడు.”

“అవునా.” కాసేపటికి, “పిడి మారితే గొడుగు కొత్తదే కదా.”

“అయితే కొత్తదే.”

అంతే. మళ్ళీ చాలాసేపు ఏమీ ఉండదు. కింద కొట్లో సైకిలు చక్రం తిప్పి వదిలిన చప్పుడు, అది ఆగేదాకా. ఇంకొంతసేపటికి, “ఇవాళ ఎండ అవతల టైపు మిషన్ల కొట్టాయన మెట్టు దాకా వచ్చింది” అంటాడు. అది, “ఊఁ, నిన్న రాలేదు” అంటుంది. దీనికి నేను ఏమని వాటా అడగను? ఆస్తయితే కూర్చుని పంచుకోవచ్చు. చాటుమాటు మాటలేవైనా దాచుకుంటే దెబ్బలాడొచ్చు. ఈ ఏమీ లేనిదాన్ని పట్టుకుని నాకూ కావాలని ఎలా అడగాలో నాకు తెలీలేదు. నేను గదిలోకి వెళ్ళగానే ఇద్దరూ మర్యాదగా ఆగి నా మొహం చూసేవాళ్ళు, ఏమైనా పనా అన్నట్టు. నాకు పని లేకుండా ఎక్కడికైనా వెళ్ళడం రాదని వాళ్ళకి తెలుసు.

సాయంత్రం అది డ్యూటీ నుంచి వచ్చాక అమ్మ దగ్గర ఇంకో వేషం. మా అమ్మకి చూపు బాగా మందగించింది. వసారాలో కూర్చుని మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ ఎవరో చెప్పడం ఆవిడ ఆట. చెల్లి పక్కన కూర్చుని అవునో కాదో చెబుతుంది. “కుంటుతున్నాడంటే ఇంజెక్షన్లాయన, మోకాలు మళ్ళీ పట్టేసింది.” “కాదమ్మా, వాళ్ళ తమ్ముడు. ఇవాళ చెప్పు తెగింది.” ఇద్దరూ పకపకా నవ్వుతారు. నేనూ ఆడతానన్నాను. నాకు ఆ ఇంటి మెట్లెక్కే ఒక్క కాలూ తెలీదు. మూడుసార్లు తప్పు చెప్పాను. మా అమ్మ జాలిపడి, “పోనీలే, నువ్వు బీరువా సర్దుకో” అంది. జాలిపడింది, నా మీద! ఆ బీరువా అప్పటికి నాలుగుసార్లు సర్దేశాను.

మూడు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఆ ముప్పావుగంట ఉండబట్టే కదా ఆ స్టూలు. గుండీలు కష్టం కాబట్టే కదా ముప్పావుగంట. నా చేతిలో విద్య ఉండగా మా నాన్న కష్టపడటమేంటి? ఇలా అనుకున్నాను నేను. నాన్న మీద ప్రేమే అనుకున్నాను. ఇప్పుడైతే నిజం చెబుతాను, అందులో పావలా వంతు ప్రేమ, ముప్పావలా వంతు స్టూలు.

నాన్నకి చొక్కాలు నాలుగు. మా చెల్లి డిపోలో, ఆయన మధ్యాహ్నం కునుకులో ఉన్న సమయం చూసుకుని రెండు పూటలు కూర్చుని పని ముగించాను. నొక్కితే టిక్కుమని అతుక్కునే టిచ్ బటన్లు తెచ్చాను. కుడి అంచు గుండీలన్నీ కోసేసి వాటి స్థానంలో టిచ్ బటన్లు కుట్టాను. ఎడమ అంచున కాజాలు మూసి కుట్టేసి, వెనక టిచ్ బటన్ రెండో సగం పెట్టి, ముందు వైపు కోసిన గుండీనే ఉత్త అందానికి కుట్టాను. బయటి నుంచి చూస్తే కాజాలో గుండీ పెట్టినట్టే ఉంటుంది. మా యజమాని బతికి ఉంటే ఆ చొక్కా కొట్లో నమూనాగా వేలాడదీసేవాడు.

“ఏం చేస్తున్నావే ఇంతసేపటి నుంచి, దారం తెంపుతూ?” అంది మా అమ్మ.

చెప్పాను.

“ఆయన్ని అడిగావా?”

“అడిగేదేముందమ్మా, సుఖపడమంటే వద్దంటాడా?”

మా అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే నేను ఆగాల్సింది.

మర్నాడు పొద్దున నేను గుమ్మం చాటున నిలబడ్డాను, చూసి ఆనందిద్దామని. నాన్న కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కింది నుంచి మొదలుపెడతాడు, అంచులు సమంగా వస్తాయని. కుడి చేత్తో కింది గుండీ కోసం తడిమాడు. లేదు. పైకి తడిమాడు. అక్కడా లేదు. ఎడమ అంచు పట్టుకున్నాడు. అక్కడ గుండీ ఉంది, కాజా మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు, అన్నీ ఉన్నాయి. ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

“చిన్నదానా.”

“ఊఁ నాన్నా.”

“నేను గుండీలు పెట్టేసుకున్నానా?”

అది గ్లాసు కిందపెట్టింది. “లేదే, ఇప్పుడే కూర్చున్నావుగా.”

“మరి గుండీలు పెట్టే ఉన్నాయి. చొక్కా మాత్రం తెరుచుకుని ఉంది.” గొంతు చిన్నగా అయిపోయింది. “నాకేమైనా అవుతోందేమో చూడవే. నాకు లెక్క కుదరడం లేదు.”

తొంభై ఒక్క ఏళ్ళలో ఆ మనిషి ఏ త్రాసు ముందూ ఆ మాట అనలేదు. నేను గుమ్మం చాటు నుంచి పరిగెత్తాను. “నాన్నా, నాన్నా, నీకేం కాలేదు, నేనే మార్చాను. నొక్కితే చాలు, ఇదిగో.” టిక్, టిక్, టిక్. ఆరుసార్లు. ఆయన ఒళ్ళు ఆరుసార్లు ఉలిక్కిపడింది.

అంతా విన్నాడు. ఒకటి విప్పి వెనక చూశాడు, నా కుట్టు వేలితో తడిమాడు. “ఓహో. బాగుంది,” అన్నాడు. కొట్లకి వెళ్ళినప్పుడు పరాయివాళ్ళతో ఆ గొంతుతో మాట్లాడేవాడు. బాగుంది, మంచిది, వస్తాను. తర్వాత రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. గోడ గడియారం ఎనిమిదీ పది. మా చెల్లి గ్లాసులో టీ సగం కూడా తగ్గలేదు. కాసేపయ్యాక ఆయనే, “నీకేమైనా పనులుంటే చూసుకోవే” అన్నాడు దానితో.

అలా ఆ స్టూలు ఖాళీ అయింది. నేను కోరుకున్నదే. కూర్చోవడానికి ఎదురుగా నాన్న లేడు.

మర్నాడు ఆయన కిటికీ దగ్గరికి రాలేదు. తొమ్మిదింటి దాకా మంచం మీదే ఉన్నాడు, గోడ వైపు తిరిగి. ఆ తర్వాతి రోజూ అంతే. పిలిస్తే, “లేచి చేసేదేముందిలే, టిక్కుమంటే అయిపోతుంది” అన్నాడు. మా అమ్మ టీ తాగుతూ, “మీ నాన్నని మూత పెట్టి సీలు వేసేశావు కదే, ఇంక ఎక్కడికి పంపిస్తావో పంపించు” అంది. మా చెల్లి మాత్రం ఒక్క మాట అనలేదు. దాని మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టొచ్చుగా!

బట్టలారేసే చోట దాన్ని పట్టుకున్నాను. “అనేదేదో అనేయ్.”

“నేనేమన్నాను అక్కా?”

“అదే. అనవు. నీ మొహం అంటుంది.”

తడి తువ్వాలు దులిపి తీగ మీద వేసింది. “రోజు మొత్తం మీద ఆయన తన చేత్తో చేసుకునే పని అదొక్కటే. స్నానం నేను చేయిస్తాను. గోళ్ళు నేను తీస్తాను. మందులు నేను లెక్కపెట్టి ఇస్తాను. అదొక్కటి ఆయనది.”

“ముందే చెప్పొచ్చుగా.”

“నువ్వెప్పుడైనా వినడానికి ఆగావా?”

“నీకేమే. నాకు తెలిసిన నాన్న తెల్లారకముందే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. చీకటి పడ్డాక వచ్చేవాడు. నేను పంతొమ్మిదేళ్ళకి గడప దాటాను. ఈ కూర్చునే నాన్న మొత్తం నీకే వచ్చాడు.”

“వచ్చాడా?” అంది, నవ్వు ఆపుకుంటూ. “దగ్గు వచ్చింది. డాక్టరు దగ్గర మూడు గంటలు బల్ల మీద కూర్చోవడం వచ్చింది. సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం వచ్చింది. అవీ కావాలా నీకు?”

“ఇయ్యి.”

“ఏంటి?”

“అవీ ఇయ్యి. అన్నీ తీసుకుంటాను.”

అది తువ్వాలు పట్టుకుని నన్నలా చూసింది. “నీకు నా మీద నిజంగానే కుళ్ళా అక్కా?”

“కుళ్ళే. కాదంటే ఊరుకుంటావా?”

దానికి చెప్పేశాక బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. కానీ ఆ మధ్యాహ్నమే కత్తెర తీశాను.

కుట్టినంత సులువు కాదు విప్పడం. మూసిన కాజాలు విప్పితే పాత అల్లిక మొత్తం తెగివచ్చింది. అంచులు పోగులు లేచాయి. ఇరవై నాలుగు కాజాలూ కొత్తగా అల్లాలి. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని అక్కడే కూర్చున్నాను, స్టూలు మీద కాదు, నేల మీద. ఆ దారం తెగే చప్పుడుకి నాన్న మంచం మీంచి లేచి వచ్చాడు. టిచ్ బటన్ల చొక్కా తొడుక్కోలేదు, బనీను మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. చేతిపని చేసినవాడికి ఇంకొకరి చేతిపని కనపడితే చూడకుండా ఉండలేడు.

“ఆ పోగు బిగిసింది,” అన్నాడు.

“బిగించే అల్లుతారు నాన్నా.”

“ఇటు వైపు బిగిసింది. అటు వదులుంది. చూసుకో.”

నలభై ఏళ్ళ పనిదాన్ని నేను. చూశాను. నిజమే. ఒక వెంట్రుకవాసి. విప్పి మళ్ళీ అల్లాను. ఆయన ముందుకి వంగాడు. “నువ్వు ఊపిరి బిగబట్టి కుడతావేంటే?”

“అలా కుడితేనే త్వరగా అవుతుంది.”

“ఓసి పిచ్చిదానా. నలభై ఏళ్ళు ఊపిరి తియ్యకుండా కుట్టావా?”

అల్లడం చూస్తూ కూర్చున్నాడు. చక్రం తిప్పిన చప్పుడు కింది నుంచి వచ్చింది, ఆగింది. ఎండ టైపు కొట్టాయన మెట్టు దాటింది. నాలుగో కాజా దగ్గర ఉండగా నాకు తట్టింది, నేనూ నాన్నా గంట నుంచి ఇక్కడ ఉన్నామని. ఇంతలో చొక్కా పూర్తి కావొస్తోందని కూడా. నా పని త్వరగా అవుతోందని నాకు భయం వేయడం అదే మొదలు.

ఐదో కాజా నాలుగు కుట్లు అల్లి, సూది గుచ్చి పక్కన పెట్టాను. “కళ్ళు లాగుతున్నాయి నాన్నా. మిగతాది రేపు.”

“మంచిది. రేపు చూద్దాం,” అన్నాడు. ఈసారి పరాయి గొంతు కాదు.

ఇరవై నాలుగు కాజాలకి పది రోజులు తీసుకున్నాను. ఒక రోజు మూడు, ఒక రోజు రెండు, ఒక రోజు దారం రంగు కుదరలేదని ఒక్కటీ లేదు. మా అమ్మకి చూపు లేకపోయినా కత్తెర చప్పుడు లెక్క తెలుసు. “రోజుకి వంద కుట్టేదానివి కదే, చేతులకి ఏమైనా పక్షవాతమా?” అంది. నోరు మూసుకోమని సైగ చేశాను. ఆవిడకి కనపడలేదు కానీ మూసుకుంది. మూసుకుని నవ్వింది.

మొదటి చొక్కా అవగానే పొద్దుటి పని మళ్ళీ మొదలైంది. ఎనిమిదింటికి కుర్చీ, ఎదురుగా స్టూలు, స్టూలు మీద మా చెల్లి. నా పది రోజులు మధ్యాహ్నానివి. పొద్దున మళ్ళీ దానిదే. నా కడుపు మంట నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు.

నేను బయలుదేరడానికి వారం ఉందనగా డిపోలో ఎవరో సెలవు పెట్టారని దానికి పొద్దుటి డ్యూటీ వేశారు. ఆరింటికే వెళ్ళిపోవాలి. ముందురోజు సాయంత్రం వచ్చి చెప్పింది. “అక్కా, రేపు నాన్న దగ్గర...” అని ఆగింది.

“ఏంటి, చెప్పు.”

“చేతులు జాగ్రత్త.”

“నాకు చెప్పొచ్చావా?”

ఎనిమిదింటికి టీ గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. చూస్తే అది నేను అనుకున్నంత బాగా లేదు, ఒక కాలు పొట్టి. నాన్న వచ్చి కూర్చున్నాడు, నన్ను చూశాడు. కింది నుంచి మొదలుపెట్టాడు. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ గుండీని పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. అది జారిపోయింది. మళ్ళీ దొరికింది. ఎడమ చేత్తో అంచు తెచ్చి, కాజా కోసం గోరుతో వెతికాడు. నేను అల్లిన కాజా. దొరికింది. గుండీ అంచు కాజాలో పెట్టి వెనక నుంచి నెమ్మదిగా తోశాడు.

కింది గుండీని కింది కాజాలో కాదు. దానిపై దాంట్లో.

నాకు మొదటి గుండీకే తెలిసిపోయింది. కొట్లో నా ముందు నుంచి చొక్కా గాల్లో వెళ్ళినా వంకర చెప్పేదాన్ని నేను. వేళ్ళు వాటంతటవే లేచాయి. గ్లాసు గట్టిగా పట్టుకున్నాను. నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే ఆయన మాట మొదలుపెట్టాడు.

“గోదాము కాటా ఒకటుండేది. గుర్తుందా నీకు? నువ్వు ఎక్కి కూర్చునేదానివి.”

“నేనా?”

“నువ్వే. నాలుగేళ్ళప్పుడు. కదలకుండా కూర్చోమంటే కూర్చునేదానివి కాదు. నీ బరువెంతో ఏనాడూ తేలలేదు.” రెండో గుండీ దొరికింది. “గోదామాయన విసుక్కునేవాడు, దించెయ్యి మేస్త్రీ, టైమవుతోందని. నేను దించేవాణ్ణి కాదు. ఎప్పుడో అప్పుడు ఆగుతుంది కదా అని చూస్తూ ఉండేవాణ్ణి.”

“ఎంతసేపు?”

“ఏమో. నాకు తొందరేముంది?”

ఇంకేం చెబుతాను నేను? అప్పుడు ఆపి తప్పు చూపిస్తే, ఓహో బాగుంది అని పెట్టినవన్నీ విప్పేవాడు. ఆ మాట అక్కడే తెగిపోయేది. నోరు మూసుకున్నాను. మూడో గుండీ తప్పు కాజాలోకి వెళ్ళింది. నాలుగోది, ఐదోది. ప్రతి ఒక్కటీ నా ఒంట్లో సూదిలా దిగింది. మధ్యలో ఎదురింటాయన గొడుగు గురించి కూడా అడిగాడు. అది కొత్తదే నాన్నా అన్నాను. ఆయన సంతోషించాడు. పై గుండీ దగ్గరికి వచ్చేసరికి దానికి కాజా లేదు. మెడ దగ్గర కాసేపు తడిమి, గాలాడుతుందిలే అని వదిలేశాడు. కింద ఒక కాజా ఉత్తినే వేలాడుతోంది. ఎడమ అంచు కుడిదానికంటే నాలుగు వేళ్ళు దిగిపోయింది.

“సరిగ్గా ఉందా?” అన్నాడు.

“సరిగ్గా ఉంది నాన్నా.”

గడియారం తొమ్మిది దాటి ఐదు. ముప్పావుగంట కాదు, గంటకి పైన. మా చెల్లికి ఏనాడూ అంత రాలేదు.

ఆ వంకర చొక్కాతోనే భోజనం చేశాడు, పడుకున్నాడు, లేచాడు. మూడింటికి కిందకి దిగి సైకిళ్ళ కొట్టు బల్ల మీద కూర్చుని నలుగురితో మాట్లాడి వచ్చాడు. కాజాలు అల్లిన చేతులు నావని వీధిలో సగం మందికి తెలుసు. తలుపు వెనక నుంచి చూస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. అయినా దిగి వెళ్ళలేదు.

నాలుగింటికి అది డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే చూసింది. “అయ్యో నాన్నా, ఇదేంటి ఇలా? పొద్దుటి నుంచి ఇలాగే ఉన్నావా?” అంటూ వెళ్ళి ఆయన మెడ దగ్గర చెయ్యి వేసింది. “ఎవరు చూశారు ఇవాళ?”

నాన్న దాని చెయ్యి పట్టుకుని పక్కకి తీశాడు. “ఉండనీవే. పెద్దది చూసింది. సరిగ్గా ఉందంది.”

అది నా వైపు తిరిగింది. నేను వీధి అవతలి నుంచి కూడా వంకర చెప్పగలనని దానికి తెలుసు. “నువ్వా అక్కా?”

“నేనే. అయితే ఏంటి?”

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మొహం నేను బాగా ఎరుగుదును. ఎంత ఎరుగుదునంటే, రెండు నెలలుగా నేను పెట్టుకు తిరిగింది అదే. వసారాలోంచి మా అమ్మ, “ఏమైందే, అందరూ ఆగిపోయారు?” అంది.

“రేపు కూడా పొద్దుటి డ్యూటీయేనా?” అని అడిగాను దాన్ని.

“వారమంతా.”

“పాపం,” అన్నాను.